న్యుమోనియా మందుల చరిత్రలో మన భీమవరం మనిషి



ఊరు విడిచి వచ్చినవాళ్ళ కథలు మనకు కొత్త కాదు. మగ్గం పనికి షోలాపూర్ వచ్చినవాళ్ళు, గనుల పనికి కోలారు వచ్చినవాళ్ళు, ఉక్కు కర్మాగారం పనికి రూర్కెలా వచ్చినవాళ్ళు మన తాతలూ తండ్రులే. ఈసారి మనకంటే చాలా దూరం వెళ్ళి, మరి తిరిగి రాని ఒక తెలుగువాని జీవితం మీ ముందు ఉంచుతున్నాము. ఆయన డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు గారు. ఆయన చేసిన పనులన్నీ చెప్పాలంటే ఒక పుస్తకం కావాలి. మేము మాత్రం వాటిలో ఒక్క దారినే పట్టుకున్నాము. అది న్యుమోనియా దారి. చలి మొదలయిందంటే ఏ సంఘంలోనైనా ఒకరిద్దరు పెద్దవాళ్ళు, ఒకరిద్దరు చంటిపిల్లలు ఈ జబ్బుతో ఆసుపత్రిలో చేరడం మనం ఏటా చూస్తున్నదే గదా.

ఈనాటి యువతకు నమ్మశక్యం కాదు గాని, 1930ల వరకు న్యుమోనియా వచ్చిన పెద్దవారిలో ముగ్గురు నలుగురికి ఒకరు చొప్పున చనిపోయేవారు. చలి పుట్టి ఒక్కసారిగా జ్వరం, పక్కలో పోటు, తుప్పు రంగు కఫం. డాక్టరు వచ్చి చేసేది పెద్దగా ఏమీ ఉండేది కాదు. ఇంట్లోవాళ్ళు మంచం చుట్టూ కూర్చుని ఏడో రోజు కోసమో తొమ్మిదో రోజు కోసమో కాచుకునేవారు. ఆ రోజుల్లో ఒక రాత్రి ఒళ్ళంతా చెమట పట్టి జ్వరం దిగితే మనిషి దక్కినట్టు. దిగకపోతే అంతే.

సుబ్బారావు గారు 1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. తండ్రి జగన్నాథం గారు రెవెన్యూ శాఖలో చిన్న ఉద్యోగి, తల్లి వెంకమ్మ గారు. తండ్రికి ఆరోగ్యం సరిగా లేక ఇల్లు గడవడమే కష్టంగా ఉండేది. పిల్లవాడికి చదువు మీద అంత ధ్యాస లేదు. పదమూడేళ్ళ వయసులో ఇంటి నుంచి పారిపోయి కాశీ వెళ్ళి, అక్కడికి వచ్చే యాత్రికులకు అరటిపళ్ళు అమ్మి డబ్బు సంపాదిద్దామని బయలుదేరాడు. తల్లి పట్టుకుని వెనక్కి తెచ్చి మళ్ళీ బడిలో కూర్చోబెట్టింది. మెట్రిక్యులేషను మూడోసారి గాని ప్యాసు కాలేదు. పిల్లలు ఒకసారి తప్పారని ఇంట్లో గోల చేసే తల్లిదండ్రులు ఈ మాట గమనించాలి.

మద్రాసులో చదివేటప్పుడు ఆయన మనసు సన్యాసం వైపు తిరిగింది. రామకృష్ణ మఠం పెద్దలే వైద్యం చదువుకొమ్మని చెప్పి పంపించారు. మద్రాసు వైద్య కళాశాలలో చేరారు. ఫీజులకు స్నేహితులు కొంత, తరువాత మామగారైన కస్తూరి సూర్యనారాయణమూర్తి గారు కొంత సాయం చేశారు. 1919లో ఆయన కుమార్తె శేషగిరిని వివాహమాడారు. అవి గాంధీగారి పిలుపు మీద విదేశీ బట్టలు వదిలేస్తున్న రోజులు. సుబ్బారావు గారు ఆపరేషను గదిలోకి కూడా ఖద్దరు వేసుకుని వెళ్ళారు. శస్త్రచికిత్స ఆచార్యుడైన తెల్లదొరకు అది గిట్టలేదు. పరీక్షలు బాగా రాసినా చివరికి ఆయనకు పూర్తి ఎం.బి.బి.ఎస్. పట్టా ఇవ్వక, దానికంటే తక్కువదైన ఎల్.ఎం.ఎస్. ఇచ్చి పంపారు. ప్రభుత్వ వైద్య సర్వీసులోకి వెళ్ళే దారి దాంతో మూసుకుపోయింది. మద్రాసులో ఆచంట లక్ష్మీపతి గారి ఆయుర్వేద కళాశాలలో శరీరశాస్త్రం చెప్పే పనిలో చేరారు.

ఈలోగా ఇంట్లో పిడుగు పడింది. ఇద్దరు అన్నదమ్ములు కొద్ది రోజుల తేడాలో స్ప్రూ అనే జబ్బుతో పోయారు. తిన్నది ఒంటపట్టక, విరేచనాలతో మనిషి శుష్కించిపోయే జబ్బు అది. ఆయనకూ అదే జబ్బు చేసి, లక్ష్మీపతి గారి వైద్యంతో కోలుకున్నారు. వైద్యుడై ఉండి కళ్ళ ముందు అన్నదమ్ములను పోగొట్టుకున్న మనిషికి, రోగి పక్కన కూర్చుని నాడి చూడటంకంటే మందు ఎక్కడ ఉందో వెతకటం ముఖ్యమనిపించడంలో ఆశ్చర్యం లేదు.

అమెరికా వెళ్ళాలన్న ఆలోచన అలా వచ్చింది. డబ్బు మామగారు కొంత పోగుచేశారు. కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ సాయం చేస్తామని మాట ఇచ్చింది. యానాం వాళ్ళకు ఈ పేరు బాగా తెలిసి ఉండాలి. ఆ నాయకర్ గారు బర్మా వెళ్ళి సంపాదించిన సొమ్ముతో పెట్టిన ధర్మం అది. రంగూన్‌లో కష్టపడిన ఒక వలస తెలుగువాని డబ్బు మరో తెలుగువాని బోస్టన్ ప్రయాణానికి అండ అయిందన్నమాట. 1920ల మొదట్లో సుబ్బారావు గారు ఓడ ఎక్కారు. కొద్ది సంవత్సరాలలో వచ్చేస్తానని భార్యతో చెప్పి వెళ్ళారు. ఆ తరువాత పుట్టిన కొడుకును ఆయన చూడనే లేదు. ఆ బిడ్డ పసితనంలోనే పోయాడు.

బోస్టన్‌లో హార్వర్డ్ విశ్వవిద్యాలయం ఉష్ణదేశ వైద్య విభాగంలో చేరారు. అక్కడి ఆసుపత్రుల్లో డాక్టరుగా పనిచేయడానికి ఆయన పట్టా చెల్లలేదు. పొట్టకూటికి ఆసుపత్రిలో రాత్రిపూట రోగుల మలమూత్రాల పాత్రలు తీసి కడిగే పని చేశారు. తరువాత జీవరసాయన శాస్త్ర విభాగంలో సైరస్ ఫిస్కే దగ్గర చేరి, 1925లో రక్తంలో భాస్వరం కొలిచే పద్ధతిని వెలువరించారు. ఇద్దరి పేర్లతో ఉన్న ఆ పద్ధతిని ప్రయోగశాలల్లో దశాబ్దాల పాటు వాడారు. కండరాల శక్తికి ఆధారమైన ఫాస్ఫోక్రియాటిన్ 1927లో, ఎ.టి.పి. 1929లో వీరి బల్లమీద బయటపడ్డాయి. ఎ.టి.పి.ని అదే సమయంలో జర్మనీలో లోమన్ కూడా కనుగొన్నాడు. 1930లో పిహెచ్.డి. వచ్చింది. ఉద్యోగం మాత్రం స్థిరపడలేదు. ఆయన పని చాలావరకు ఫిస్కే అసూయవల్ల బయటికి రాలేదని, తరువాతివాళ్ళు మళ్ళీ కనుక్కోవలసి వచ్చిందని, అక్కడే పనిచేసి తరువాత నోబెల్ బహుమతి పొందిన జార్జి హిచింగ్స్ చెప్పారు.

1940లో సుబ్బారావు గారు హార్వర్డ్ వదిలి, న్యూయార్క్ రాష్ట్రంలో పెర్ల్ రివర్ అనే చోట ఉన్న లెడర్లీ మందుల కంపెనీలో చేరారు. రెండేళ్ళలో అక్కడి పరిశోధనలన్నిటికీ అధిపతి అయ్యారు. ఇక్కడి నుంచి మన కథ న్యుమోనియా దగ్గరకు వస్తుంది.

అప్పటికి పరిస్థితి ఎలా ఉందో చూడండి. న్యుమోనియా అనేది ఒక్క క్రిమి వల్ల వచ్చే ఒక్క జబ్బు కాదు. ఊపిరితిత్తుల్లో గాలి నిండవలసిన చిన్న చిన్న తిత్తుల్లో చీము, నీరు నిండిపోవడానికి న్యుమోనియా అని పేరు. అలా నింపే క్రిములు చాలా ఉన్నాయి. ఇంటి పట్టున ఉన్న మనిషికి వచ్చే న్యుమోనియాలో ప్రధానమైనది న్యుమోకాకస్. 1881లో ఫ్రాన్సులో పాశ్చర్, అమెరికాలో స్టెర్న్‌బర్గ్ ఎవరికి వారే దీన్ని చూశారు. 1930లలో దీనికి గుర్రాల, కుందేళ్ళ రక్తం నుంచి తీసిన సీరం ఎక్కించేవారు. అయితే న్యుమోకాకస్‌లో ఎన్నో రకాలు. రోగి కఫం పరీక్షించి ఏ రకమో తేల్చి ఆ రకానికి చెందిన సీరమే ఇవ్వాలి. బీద ఇంటికి అది అందేది కాదు. 1938లో ఎం అండ్ బి 693 అనే సల్ఫా బిళ్ళ వచ్చింది. 1943 డిసెంబరులో బ్రిటిష్ ప్రధాని చర్చిల్ ఉత్తర ఆఫ్రికాలో న్యుమోనియాతో పడితే ఇచ్చింది ఆ మందే. యుద్ధం ముగిసేసరికి పెనిసిలిన్ వచ్చి న్యుమోకాకస్‌ను అదుపులోకి తెచ్చింది.

అయినా కొన్ని న్యుమోనియాలు పెనిసిలిన్‌కు లొంగలేదు. యుద్ధ కాలంలో సైనికుల శిబిరాల్లో ఒక రకం వ్యాపించింది. విడవని పొడి దగ్గు, సన్న జ్వరం, తలనొప్పి. మనిషి లేచి తిరుగుతూనే ఉంటాడు గాని ఎక్స్‌రే తీస్తే ఊపిరితిత్తి మీద మచ్చ కనబడుతుంది. మామూలు న్యుమోనియాలా లేదని దీన్ని వేరే రకంగా లెక్కకట్టారు. 1944లో ఈటన్ అనే శాస్త్రజ్ఞుడు దీనికి కారణమైన సూక్ష్మజీవిని పట్టాడు. అందరూ వైరస్ అనుకున్నారు. అది మైకోప్లాస్మా అనే అతి చిన్న బాక్టీరియా అని 1960ల మొదట్లో గాని తేలలేదు.

పెనిసిలిన్ దీనిమీద ఎందుకు పనిచేయదో చెబితే తేలికగా అర్థమవుతుంది. బాక్టీరియా తన చుట్టూ ఒక గోడ కట్టుకుంటుంది. పెనిసిలిన్ ఆ గోడ కట్టుబడిని చెడగొడుతుంది, గోడ కూలి బాక్టీరియా చస్తుంది. మైకోప్లాస్మాకు అసలు గోడే లేదు. లేని గోడను కూల్చేదెలా? దీన్ని చంపాలంటే లోపలికి వెళ్ళి, అది ప్రొటీన్ తయారుచేసుకునే యంత్రాన్ని ఆపే మందు కావాలి.

అలాంటి మందును సుబ్బారావు గారి బృందం మట్టిలో వెతికింది. స్ట్రెప్టోమైసిన్ మట్టిలోని జీవి నుంచి వచ్చిన కొత్త రోజులవి. బెంజమిన్ డగ్గర్ అనే వృక్షశాస్త్ర ఆచార్యుడు డెబ్భై ఏళ్ళు దాటి విశ్వవిద్యాలయం నుంచి రిటైరైతే, లెడర్లీ ఆయనను పనిలోకి తీసుకుంది. డగ్గర్ తన పాత మిత్రులందరికీ ఉత్తరాలు రాసి ఊరూరి మట్టి తెప్పించాడు. మిస్సోరీ విశ్వవిద్యాలయం వారి శాన్‌బోర్న్ పొలంలో గడ్డి పెరిగే ఒక మడి నుంచి వచ్చిన మట్టిలో, 1945లో, బంగారు పసుపు రంగులో ఒక జీవి పెరిగింది. దానికి ఎ-377 అని నంబరు వేశారు. దాని చుట్టూ ఇతర బాక్టీరియా పెరగడం లేదు. బంగారానికి లాటిన్ మాట మీద ఆ మందుకు ఆరియోమైసిన్ అని పేరు పెట్టారు.

మట్టిలో మచ్చ కనబడటానికి, రోగి చేతికి గొట్టం బిళ్ళ అందటానికి మధ్య మూడేళ్ళు పట్టింది. సుబ్బారావు గారి పని ఆ మూడేళ్ళలో ఉంది. పెద్ద తొట్లలో పెంచాలి, పులిసిన ద్రవం నుంచి మందును శుద్ధిచేసి తీయాలి, ఎలుకలకు ఇచ్చి విషం కాదని చూడాలి, ఎన్ని క్రిములమీద పనిచేస్తుందో ఒక్కొక్కటిగా పరీక్షించాలి. రసాయన శాస్త్రజ్ఞులు, క్రిమి శాస్త్రజ్ఞులు, జంతువుల మీద పరీక్ష చేసేవాళ్ళు ఇందరినీ ఒక్క పనిమీద నిలబెట్టింది ఆయనే. మనుషులకు మొదట ఇచ్చినవారు న్యూయార్క్ హార్లెం ఆసుపత్రిలో లూయీ రైట్ అనే నల్లజాతి శస్త్రవైద్యుడు. పెనిసిలిన్‌కు లొంగే న్యుమోకాకస్‌తో పాటు దానికి లొంగని ఆ పొడి దగ్గు న్యుమోనియా మీద, చిలుకల నుంచి అంటే న్యుమోనియా మీద, టైఫస్ జాతి జ్వరాల మీద కూడా ఆరియోమైసిన్ పనిచేసింది. అప్పట్లో పెనిసిలిన్ అంటే మూడు నాలుగు గంటలకొక సూది. ఇది నోటితో మింగేది. ఈనాటి టెట్రాసైక్లిన్, డాక్సీసైక్లిన్ మందుల కుటుంబానికి మొదటి బిడ్డ ఇదే.

1948 జూలైలో న్యూయార్క్‌లో శాస్త్రజ్ఞుల సభలో ఈ మందును లోకానికి తెలియజేశారు. పరిశోధన పత్రం డగ్గర్ పేరుతో వచ్చింది, పేటెంటు కూడా ఆయన పేరునే. తన కింది వాళ్ళ పనిమీద తన పేరు వేసుకోవడం సుబ్బారావు గారికి అలవాటు లేదు. ఇది గొప్ప గుణమే. కాని మాకు ఒక్కటి అనిపిస్తుంది. ఇంటి దగ్గర ఎదురుచూస్తున్న శేషగిరమ్మ గారికైనా ఆ పేరు పత్రికలో చూసుకునే సంతోషం దక్కవలసింది. సభ జరిగి మూడు వారాలు కాకుండానే, 1948 ఆగస్టు 9న, ఆయన తన గదిలో పడక మీదే గుండెపోటుతో మరణించి కనబడ్డారు. వయసు యాభై మూడు. పాతికేళ్ళు ఆ దేశంలో ఉండి కూడా అమెరికా పౌరుడు కాలేదు. భార్యను మళ్ళీ చూడలేదు.

ఆ ఎనిమిదేళ్ళలో లెడర్లీలో ఆయన నాయకత్వాన ఫోలిక్ ఆమ్లం తయారైంది. అన్నదమ్ములను తీసుకుపోయిన స్ప్రూకు పనికివచ్చే మందు అది. బోదకాలు వ్యాధికి హెట్రజాన్, పిల్లల రక్త క్యాన్సరుకు అమినోప్టెరిన్ కూడా అప్పుడే వచ్చాయి. వాటిని గురించి విడిగా రాయవలసిందే.

ఆరియోమైసిన్ కథలో చేదు కూడా ఉంది. అదే కంపెనీలో కోడిపిల్లలకు ఈ మందు తీసిన పిప్పి మేతగా పెడితే అవి త్వరగా బరువెక్కుతున్నాయని సుబ్బారావు గారు పోయిన కొద్దికాలానికే కనిపెట్టారు. అంతే, కోళ్ళకూ పందులకూ టన్నుల కొద్దీ మందు మేతలో కలిపారు. క్రిములు ఈ మందులకు అలవాటుపడి లొంగకుండా పోవడానికి అదొక కారణం. జలుబుకీ దగ్గుకీ మందుల షాపులో రెండు గొట్టం బిళ్ళలు అడిగి కొనుక్కునే మన అలవాటు ఇంకొక కారణం.

ఇక ఇప్పటి సంగతి. ఇంట్లో ఉండగా వచ్చే న్యుమోనియాకు న్యుమోకాకస్, మైకోప్లాస్మాలతో పాటు హీమోఫిలస్, 1976లో అమెరికాలో మాజీ సైనికుల సభలో ప్రబలి మరుసటి ఏడు పట్టుబడిన లీజియోనెల్లా, ఫ్లూ వంటి వైరస్‌లు కారణాలు. తమిళనాడు, ఆంధ్ర, ఒడిశా ప్రాంతాల్లో పొదల్లోని చిన్న పురుగు కుట్టితే వచ్చే స్క్రబ్ టైఫస్ కూడా ఊపిరితిత్తులను పట్టగలదు. ఏ క్రిమో మొదటి రోజున తెలియదు గనుక డాక్టర్లు ఊహమీదే మందు మొదలుపెడతారు. ఇంటి దగ్గరే నయమయ్యే రోగికి సాధారణంగా అమాక్సిసిలిన్ గాని, అజిత్రోమైసిన్ వంటిది గాని ఇస్తారు. 2019లో వెలువడిన అమెరికా వైద్యుల నియమావళిలో డాక్సీసైక్లిన్ కూడా ఉంది. ఆసుపత్రిలో చేర్చవలసిన వారికి గోడ కూల్చే మందు, లోపలి యంత్రం ఆపే మందు రెండూ కలిపి ఇవ్వడం సర్వసాధారణం. స్క్రబ్ టైఫస్‌కు డాక్సీసైక్లిన్ ముఖ్యమైన మందు. తీవ్రమైన స్క్రబ్ టైఫస్‌లో డాక్సీసైక్లిన్, అజిత్రోమైసిన్ రెండూ కలిపి ఇస్తే విడిగా ఇచ్చినదానికంటే మేలని వెల్లూరు వైద్యుల ఆధ్వర్యంలో జరిగిన పరిశీలనలో 2023లో తేలింది.

మందు కనీసం ఐదు రోజులు, జ్వరం తగ్గి మనిషి కుదుటపడేవరకు వాడాలి. డాక్సీసైక్లిన్ జాతి మందులను గర్భిణులకు, ఎనిమిదేళ్ళ లోపు పిల్లలకు డాక్టర్లు సాధారణంగా ఇవ్వరు. టెట్రాసైక్లిన్‌తో పిల్లల పళ్ళు శాశ్వతంగా పసుపు, గోధుమ రంగుకు మారతాయి. రక్తానికి వాడే ఇనుము బిళ్ళలతో, కడుపు మంటకు తాగే మందులతో కలిపి మింగితే ఒంటపట్టవు. మరో జాగ్రత్త మన దేశానికి చాలా అవసరం. లీవోఫ్లాక్సాసిన్ వంటివి డాక్టరు చెప్పకుండా వాడితే, క్షయ ఉన్నవారికి కొద్దిరోజులు తగ్గినట్టే కనబడి అసలు జబ్బు దాగిపోతుంది. దగ్గు రెండు వారాలు దాటితే కఫం పరీక్ష చేయించాలి. వైరస్ మీద వీటిలో ఏదీ పనిచేయదు. 2020, 2021 కరోనా రోజుల్లో మనలో చాలామందిమి డాక్సీసైక్లిన్, అజిత్రోమైసిన్ మింగాము. ఇంటి దగ్గర ఉన్న రోగులమీద పెద్ద పరీక్షలు జరిపి చూస్తే వాటివల్ల కరోనా త్వరగా తగ్గలేదు.

ఆలస్యం చేయరానిది ఊపిరి లెక్క. పెద్దవారికి నిమిషానికి ముప్పై దాటినా, ముసలివారు ఉన్నట్టుండి పొంతన లేకుండా మాట్లాడినా ఆసుపత్రికి తీసుకువెళ్ళాలి. వృద్ధుల్లో జ్వరం లేకుండానే న్యుమోనియా రావచ్చు. చంటిపిల్లలు డొక్కలు ఎగరేస్తుంటే నాటు వైద్యం కోసం ఎదురుచూడకూడదు. రెండు నెలల నుంచి ఏడాది లోపు బిడ్డకు నిమిషానికి యాభై, ఏడాది నుంచి ఐదేళ్ళ వరకు నలభై వచ్చినా, దాటినా ప్రమాదమే. న్యుమోకాకస్ టీకా 2021 నుంచి దేశమంతటా ప్రభుత్వ ఆసుపత్రుల్లో పసిబిడ్డలకు ఉచితంగా వేస్తున్నారు. ఆరు వారాలకు, పద్నాలుగు వారాలకు, తొమ్మిది నెలలకు వేయించాలి.

1994 సెప్టెంబరులో సూరత్‌లో ప్లేగు వచ్చిన సంగతి మహారాష్ట్ర సంఘాల వారికి బాగా జ్ఞాపకం ఉంటుంది. అది ఊపిరితిత్తులను పట్టే ప్లేగు, అంటే ఒక విధమైన న్యుమోనియాయే. మగ్గాల మీద, బట్టల మిల్లుల్లో పనిచేస్తున్న మన తెలుగు కుటుంబాలు ఆ ఊళ్ళో అప్పటికే ఎన్నో ఉన్నాయి. లక్షల మంది రైళ్ళు పట్టుకుని ఊరు విడిచారు. ఉన్నవాళ్ళు మందుల షాపుల ముందు బారులు తీరారు. అందరూ అడిగింది టెట్రాసైక్లిన్. షాపుల్లో నిల్వలు ఖాళీ అయిపోతే ప్రభుత్వం తెప్పించి పంచింది. ఆ గొట్టం బిళ్ళ మిస్సోరీ మట్టి నుంచి పెర్ల్ రివర్ మీదుగా వచ్చిందనీ, దాన్ని మనుషులకు పనికివచ్చేట్టు చేసిన పనికి పెద్ద భీమవరం మనిషనీ ఆ బారుల్లో ఎంతమందికి తెలుసో. మరుసటి సంవత్సరం, 1995లో, శతజయంతి సందర్భంగా భారత తపాలా శాఖ సుబ్బారావు గారి బొమ్మతో తపాలా బిళ్ళ విడుదల చేసింది.